8 డాలర్ల క్యాసెట్‌కు 10,000: ఆన్‌లైన్ వేలంలో ఆకాశాన్నంటే ధరల వెనక ఏముంది?

పాత వీడియో క్యాసెట్లు అమ్మే వేలం సైట్లలో ఒక వింత తరచూ కనిపిస్తుంది. ఒకే బొమ్మల సినిమా, ఒకే ఏడాది విడుదలైన క్యాసెట్, పెట్టె మీద గీతలు కూడా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఒకరు దాన్ని 8 డాలర్లకు పెడతారు. దాని పక్కనే మరొకరు 10,000 డాలర్లు అడుగుతారు. డిస్నీ సంస్థ 1984 నుంచి 1994 వరకు 'క్లాసిక్స్' వరుసలో తెచ్చిన క్యాసెట్ల పెట్టె అంచున నల్ల వజ్రం గుర్తు ఉంటుంది. ఆ గుర్తున్నవన్నీ అపురూపమైనవనే ప్రచారం ఎక్కడో పుట్టి ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. అవి లక్షల కాపీలు అమ్ముడుపోయిన సరుకు. పిల్లలున్న ఇళ్లలో అల్మారా నిండా ఉండేవి. నిజంగా అమ్ముడైన వాటి జాబితా తెరిచి చూస్తే చాలా వరకు కొద్ది డాలర్ల దగ్గరే ఆగిపోతాయి.

మరి ఆ పదివేల ధర ఎవరికోసం? అమ్మేవాడికి మతి పోయిందనో, ఇందులో ఏదో గూడుపుఠాణీ ఉందనో అనుకోవడం తేలిక. ఆ రెండూ అప్పుడప్పుడు నిజమే అయినా, ఎక్కువ సందర్భాల్లో సంగతి ఇంతకంటే మామూలుగా ఉంటుంది. కొందరిది ఆశ, కొందరిది బేరం ఎత్తు, కొన్నిచోట్ల మనిషి చెయ్యే పడని సాఫ్ట్‌వేర్ లెక్క. కొద్దిమందిది మాత్రం నిజంగా ఆలోచించి చేసే వ్యాపారం. వీళ్లందరికీ ఒకే వెసులుబాటు దొరికింది. ఆన్‌లైన్‌లో ఎంతైనా అడగవచ్చు, అమ్ముడుపోకపోతే పోయేదేమీ లేదు.

సంప్రదాయ వేలం సంస్థలో ఈ వెసులుబాటు ఉండదు. అక్కడ వస్తువును పరీక్షించాలి, ఫొటో తీయాలి, కేటలాగ్ అచ్చు వేయాలి, హాలులో దానికి సమయం కేటాయించాలి. పాట పాడే వారు రాకపోతే ఆ ఖర్చంతా సంస్థ నెత్తిన పడుతుంది. అందుకే పెద్ద సంస్థలు అమ్మకందారుడి ఆశకు కళ్లెం వేస్తాయి. క్రిస్టీస్ లాంటి చోట, ఇంతకంటే తక్కువకు అమ్మవద్దు అని యజమాని పెట్టుకునే రహస్య ధర, కేటలాగ్‌లో వేసిన అంచనాల్లో కింది అంకెను మించడానికి వీల్లేదు. పైగా ఒకసారి హాలులో అమ్ముడుపోని చిత్రానికి మార్కెట్‌లో పేరు చెడుతుంది. అత్యాశకు అక్కడ శిక్ష ఉంది.

ఆన్‌లైన్ వేలం సైట్ ఈబే 1995లో మొదలైనప్పుడు ఈ లెక్క తారుమారైంది. పియర్ ఒమిడ్యార్ పెట్టిన ఆ సైట్‌లో అమ్ముడైన తొలి వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్. 14.83 డాలర్లు పలికింది. అది పనిచెయ్యదని తెలుసా అని కొన్నవాడిని అడిగితే, పాడైపోయిన లేజర్ పాయింటర్లే తాను సేకరిస్తానని జవాబిచ్చాడట. ఈ కథకు ఎంత మెరుగు పెట్టారో గానీ, ప్రపంచంలో ప్రతి వస్తువుకూ ఎక్కడో ఒక కొనేవాడు ఉంటాడన్న నమ్మకం మాత్రం అప్పటి నుంచే పాతుకుపోయింది. 2000లో 'బై ఇట్ నౌ' వచ్చి, వేలం లేకుండా నేరుగా ధర చెప్పి అమ్మే వీలు కలిగింది. ఇప్పుడు మామూలు అమ్మకందారుడికి నెలకు వందల లిస్టింగ్‌లు, అంటే వస్తువును అమ్మకానికి పెట్టే ప్రకటనలు, ఉచితం. కమిషన్ ఉంటుంది గానీ అది అమ్ముడుపోయాకే. స్థిర ధర లిస్టింగ్‌లు రద్దు చేసే దాకా నెలనెలా వాటంతటవే కొనసాగుతాయి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగడం ఉచితమైనప్పుడు కొండంత అడిగేవాళ్లు బయల్దేరడంలో వింతేముంది?

అయితే ఖర్చు లేకపోవడం ఒక్కటే సరిపోదు. సైట్ తెరవగానే సగానికి సగం ధరలు పిచ్చిగా కనిపించడానికి ఇంకో కారణం ఉంది. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఒక చిన్న లెక్క వేద్దాం. ఫలానా వస్తువు సరైన ధరకు రోజుకొకటి చొప్పున లిస్టింగ్‌లోకి వస్తుంది, మూడు రోజుల్లో అమ్ముడైపోతుంది అనుకుందాం. అదే వస్తువు పిచ్చి ధరకు పది రోజులకు ఒక్కటే వస్తుంది, కానీ కొనేవాళ్లు లేక 300 రోజులు అలాగే పడి ఉంటుంది. అంటే అమ్మేవాళ్లు పదకొండు మంది ఉంటే అందులో పదిమంది సబబైన ధరే అడుగుతున్నారు. ఇప్పుడు ఏదో ఒక రోజు సైట్ తెరిస్తే కనిపించేదేమిటి? సరైన ధరవి మూడు, పిచ్చి ధరవి ముప్ఫై. పదకొండింట్లో పది పిచ్చి ధరలే. పదకొండు మందిలో ఒక్కడే అత్యాశపరుడైనా, తెర మీద మాత్రం పదకొండింట పది అతని లాంటివాళ్ల లిస్టింగ్‌లే.

ఏ రోజైనా ఉన్న లిస్టింగ్‌లు మార్కెట్‌కు అద్దం పట్టవు. మార్కెట్ కాదని వదిలేసినవే అక్కడ పేరుకుపోతాయి. మంచి ధరవి వచ్చినంత వేగంగా మాయమవుతాయి, పనికిరాని ధరవి నిలవ ఉండిపోతాయి. సైట్‌లో ఎక్కువ కాలం తిరిగేవాళ్ల కంటికి కూడా ఇవే పదేపదే తగులుతాయి గనుక 'అందరూ ఇంతే అడుగుతున్నారు' అన్న అభిప్రాయం బలపడుతుంది. ఇంతకీ ఇందులో ఎవరి కుట్రా లేదు, ఉత్త కూడికలు తీసివేతలే.

అటక మీద పాత పెట్టె దొరికిన కొత్త అమ్మకందారుడు మొదట చేసే పని, అలాంటి వస్తువు ఎంత పలుకుతోందో వెతకడం. అతని కంట పడేది ఆ నిలవ సరుకే. అందరూ 2,000 డాలర్లు అడుగుతున్నారు, మనది కాస్త శుభ్రంగా ఉంది, 2,500 పెడదాం అనుకుంటాడు. నెల తర్వాత వచ్చినవాడు ఇతని 2,500 చూసి 3,000 పెడతాడు. ఒక్క అమ్మకమూ జరగకుండానే 'మార్కెట్ రేటు' పెరిగిపోతుంది. మీ ఇంట్లో ఈ బొమ్మ ఉంటే మీరు లక్షాధికారులే అన్న తరహా వార్తలు దీనికి ఆజ్యం పోస్తాయి. ఆ వార్తల్లో చాలా వాటికి ఆధారం అడిగిన ధరే, ఇచ్చిన ధర కాదు. 1990ల చివర్లో అమెరికాను ఊపేసిన బీనీ బేబీస్ బొమ్మలు ఇందుకు పెద్ద సాక్ష్యం. ఆ వేలంవెర్రి చల్లారి పాతికేళ్లు దాటినా, ప్రిన్సెస్ డయానా జ్ఞాపకార్థం తెచ్చిన ఊదారంగు ఎలుగుబంటిని వేలకు, ఒక్కోసారి లక్షల డాలర్లకు పెట్టేవాళ్లు ఇంకా కనిపిస్తారు. అమ్ముడయ్యేవి మాత్రం ఎక్కువగా చిల్లర ధరలకే.

అరుదుగా నిజంగానే తగిలే లాటరీలు ఈ ఆశను చావనివ్వవు. 2004 నవంబర్‌లో మేరీమాత ముఖం కనిపిస్తోందంటూ పదేళ్ల నాటి కాల్చిన చీజ్ శాండ్‌విచ్ ముక్కను ఈబేలో పెడితే 28,000 డాలర్లకు అమ్ముడుపోయింది. కొన్నది ఒక ఆన్‌లైన్ జూదశాల. దానికి కావలసింది రొట్టె ముక్క కాదు, పత్రికల్లో పేరు. ఆ లెక్కన చవకబేరమే చేసింది. కానీ ఆ వార్త చదివిన వాళ్లకు గుర్తుండిపోయింది 28,000 అన్న అంకె. 2014 ఫిబ్రవరిలో ఫ్లాపీ బర్డ్ అనే ఆటను దాన్ని తయారుచేసిన వియత్నాం డెవలపర్ యాప్ స్టోర్ల నుంచి తీసేయగానే, ఆ ఆట ఉన్న పాత ఫోన్లు వేల డాలర్ల ధరలతో వేలానికొచ్చాయి. ఒకదాని మీద పాట 90,000 డాలర్లు దాటింది కూడా. అలాంటి పాటల్లో డబ్బు కట్టే ఉద్దేశం ఉన్నవి ఎన్నో చెప్పడం కష్టం. ఈబే ఆ లిస్టింగ్‌ను తీసేసింది.

వస్తువు మీద మమకారం సంగతి కూడా చెప్పుకోవాలి. కాకి పిల్ల కాకికి ముద్దు. దీన్ని కానెమన్, నెచ్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు 1990లో అచ్చయిన ప్రయోగంలో కప్పులతో కొలిచి చూపించారు. విద్యార్థుల్లో కొందరికి మామూలు కాఫీ కప్పులు ఇచ్చి, ఎంతకు అమ్ముతారని అడిగారు. కప్పు లేనివాళ్లను ఎంతకు కొంటారని అడిగారు. కొనేవాళ్లు మూడు డాలర్ల లోపే ఇస్తామన్నారు, అమ్మేవాళ్లు ఏడు డాలర్ల పైన అడిగారు. ఆ కప్పు వాళ్ల చేతికి వచ్చి కొన్ని నిమిషాలే అయింది. ముప్ఫై ఏళ్లు అటక మీద దాచుకున్నదానికి ఎంత అడగాలనిపిస్తుందో ఊహించుకోవచ్చు. ఇలాంటివాళ్లలో కొందరికి అమ్మాలన్న కోరికే ఉండదు. ఇంట్లో వాళ్లు 'ఆ చెత్త తీసెయ్' అంటుంటే, అమ్మకానికి పెట్టానుగా అని చెప్పడానికి ఆ లిస్టింగ్ పనికొస్తుంది.

ఇక తెలిసి చేసేవాళ్ల దగ్గరికి వద్దాం. బేరానికి వీలున్న లిస్టింగ్‌లలో పెద్ద అంకె ఒక ఎత్తు. మొదట విన్న సంఖ్య మనసులో మేకులా దిగబడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వెర్‌స్కీ, కానెమన్ 1974లో రాశారు. 10 దగ్గరో 65 దగ్గరో మాత్రమే ఆగేలా అమర్చిన చక్రాన్ని తిప్పి, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతం అని అడిగితే, 10 చూసినవాళ్ల మధ్యస్థ అంచనా 25, 65 చూసినవాళ్లది 45. చక్రానికీ ఆఫ్రికాకూ ఏ సంబంధమూ లేదని అందరికీ తెలుసు, అయినా అంకె పనిచేసింది. వృత్తిలో ఉన్నవాళ్లు దీనికి లొంగరనుకుంటే అదీ పొరపాటే. 1987లో అచ్చయిన మరో అధ్యయనంలో నార్త్‌క్రాఫ్ట్, నీల్ అనే పరిశోధకులు అరిజోనాలోని టూసాన్‌లో రియల్ ఎస్టేట్ ఏజెంట్లకు ఒకే ఇంటిని చూపించి, అడుగుతున్న ధరను మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్పారు. ఎక్కువ ధర విన్నవాళ్లు ఇంటి విలువను ఎక్కువగా కట్టారు. అడిగిన ధరను తాము లెక్కలోకే తీసుకోలేదని వాళ్లలో చాలామంది చెప్పడం ఇందులో అసలు ముచ్చట.

వేలం సైట్‌లో దీన్ని వాడే తీరు తేలిగ్గానే అర్థమవుతుంది. 150కి అమ్మాలనుకున్నవాడు 400 పెట్టి పక్కన 'మీ ధర చెప్పండి' అన్న బటన్ తగిలిస్తాడు. కొనేవాడు 150కే బేరమాడి సగానికి పైగా తగ్గించానని మురిసిపోతాడు. కొందరు ఒకే వస్తువును రెండు మూడు లిస్టింగ్‌లుగా పెట్టి, పిచ్చి ధరవాటిని దిష్టిబొమ్మల్లా నిలబెడతారు. అసలు అమ్మదలచుకున్నది వాటి పక్కన చవగ్గా కనిపిస్తుంది. ఆ ధర ఎంత గుండ్రంగా ఉందన్నదీ ఒక సంకేతమే. ఈబే బేరాలను పరిశీలించి బ్యాకస్, బ్లేక్, తడేలిస్ 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సరిగ్గా వందల్లో ధర పెట్టిన వస్తువులకు వచ్చే ఆఫర్లు వాటి చుట్టుపక్కల అంకెలు పెట్టినవాటికంటే 5 నుంచి 8 శాతం తక్కువగా ఉంటాయి, కానీ 6 నుంచి 11 రోజులు ముందే వస్తాయి. 500 అన్నవాడు తొందరలో ఉన్నాడనీ, 512 అన్నవాడు లెక్క కట్టి కూర్చున్నాడనీ కొనేవాళ్లు పసిగడతారు. నిజంగా అమ్ముకోవాలనుకునేవాడు ఎత్తుగా అడిగే ముందు కాస్త ఆలోచించాల్సిన సంగతి ఇంకోటుంది. ధర మరీ పెద్దదైతే బేరమాడేవాడే రాడు. ధర పరిమితి పెట్టి వెతికేవాళ్ల తెర మీదకు ఆ లిస్టింగ్ రానే రాదు.

ఇప్పటిదాకా చెప్పింది స్థిర ధర గురించి. నిజమైన వేలంలో, అంటే గడువు పెట్టి పాటలు తీసుకునే చోట, ఎత్తైన ప్రారంభ ధరకు వేరే కారణం ఉంది: భయం. పాటలో వస్తువు చివరికి పలికే ధర, అందరికంటే ఎక్కువ ఇవ్వగలిగినవాడిని బట్టి కాకుండా, అతని తర్వాతి వాడిని బట్టి తేలుతుంది. మొదటివాడు 900 దాకా వెళ్లడానికి సిద్ధంగా ఉన్నా, రెండోవాడు 200 దగ్గర ఆగిపోతే వస్తువు 200కు కాస్త పైన పోతుంది. రెండోవాడే లేకపోతే ప్రారంభ ధరకే పోతుంది. ఆ వారం సరైన ఇద్దరు ఆ పేజీ చూడకపోతే 99 సెంట్ల దగ్గర మొదలుపెట్టిన అమ్మకందారుడు నెత్తిన గుడ్డేసుకోవాలి. రహస్య ధర పెట్టుకునే వీలున్నా దానికి విడిగా రుసుము పడుతుంది. దానికంటే ప్రారంభ ధరే ఎత్తులో పెడితే ఖర్చు తప్పుతుంది, టెన్షన్ ఉండదు.

విచిత్రమేమిటంటే, ఇలా భయపడడం వల్లే నష్టపోయే సందర్భాలు ఉన్నాయి. గిలియన్ కు, గలిన్‌స్కీ, మర్నిగన్ అనే పరిశోధకులు 2006లో చూపించినట్టు తక్కువ దగ్గర మొదలైన వేలాలు తరచు ఎక్కువ దగ్గర ముగుస్తాయి. ప్రారంభ ధర తక్కువైతే జనం ఎక్కువగా దిగుతారు. ఒకసారి పాట పాడినవాడు వదలడానికి ఇష్టపడడు. పదిమంది పాడుతున్న వస్తువులో ఏదో ఉందని పదకొండోవాడు అనుకుంటాడు. కానీ ఇదంతా జనం వచ్చే చోటే. ఏడాదికి ఇద్దరు ముగ్గురే వెతికే వస్తువుకు, పేరు స్పెల్లింగ్ తప్పి వెతుకులాటలో కనిపించని లిస్టింగ్‌కు ఈ సూత్రం అక్కరకు రాదు. అక్కడ ఎత్తులో మొదలుపెట్టినవాడే తెలివైనవాడు.

మనిషి ప్రమేయం లేకుండా పెరిగే ధరల కథ మాత్రం వీటన్నిటికంటే రుచిగా ఉంటుంది. ఇది వేలం సైట్‌లో జరగలేదు, అమెజాన్‌లో జరిగింది. కానీ అమ్మకందారులు వాడే సాఫ్ట్‌వేర్ అన్నిచోట్లా ఆ జాతిదే. 2011 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో జీవశాస్త్రవేత్త మైకేల్ ఐసెన్ ప్రయోగశాలకు ఒక పాఠ్యగ్రంథం కావలసి వచ్చింది. ఈగ పిండం ఎలా ఎదుగుతుందో చెప్పే 1992 నాటి పుస్తకం. పాత కాపీలు పదిహేను ఉన్నాయి, 35.54 డాలర్ల నుంచి. కొత్తవి రెండే ఉన్నాయి. ఒకటి 17 లక్షల 30 వేల డాలర్లు, రెండోది దాదాపు 22 లక్షలు.

ఐసెన్ నవ్వుకుని వదిలేయకుండా రోజూ ఆ రెండు ధరల్నీ రాసుకున్నారు. గుట్టు బయటపడింది. మొదటి అమ్మకందారుడి ధర ప్రతిరోజూ రెండోవాడి ధరకు 0.9983 రెట్లకు మారుతోంది. అంటే పోటీదారుడికంటే రవ్వంత తక్కువ, జాబితాలో పైన కనపడడానికి. కాసేపటికి రెండోవాడి ధర మొదటివాడి ధరకు 1.270589 రెట్లకు మారుతోంది. తక్కువకు అమ్మేవాడు పక్కనే ఉండగా ఇతను పావు వంతుకు పైగా ఎక్కువ ఎందుకు అడుగుతున్నాడు? ఐసెన్ ఊహ ఏమిటంటే, ఇతని దగ్గర పుస్తకమే లేదు. తనకున్న మంచి రేటింగ్ చూసి ఎవరైనా ఎక్కువ ఇచ్చి కొంటే, మొదటివాడి దగ్గర కొని వాళ్లకు పంపించాలి. ఆ ఖర్చుకూ లాభానికీ కలిపే ఆ 27 శాతం.

విడివిడిగా చూస్తే ఇద్దరి సూత్రాల్లోనూ తప్పు పట్టడానికేమీ లేదు. రెండూ ఒకదాన్నొకటి చూసుకోవడం మొదలుపెట్టాక చిక్కు వచ్చింది. ఆ రెండు సంఖ్యల్నీ గుణిస్తే దాదాపు 1.268 వస్తుంది. ఒక్కో విడతకు ధర 27 శాతం పెరుగుతుందన్నమాట. మూడు రోజులకు రెట్టింపు. ఏప్రిల్ 18 నాటికి పై ధర 2,36,98,655.93 డాలర్లకు చేరింది, పంపే ఖర్చు 3.99 డాలర్లు అదనం. (రెండు కోట్లు అడిగినవాడు ఆ నాలుగు డాలర్లు వదులుకోకపోవడం గమనించాలి.) మర్నాడు ఎవరో మేలుకున్నారు. మొదటివాడి ధర 106.23కు దిగింది. కాసేపటికే రెండోవాడిది 134.97 అయింది. భాగించి చూస్తే మళ్లీ అదే 1.27. సూత్రం మారలేదు.

'దీనికి పైన పోవద్దు' అని ఒక్క గీత గీసి ఉంటే ఇది జరిగేది కాదు. వేల పుస్తకాలు లిస్ట్ చేసే అమ్మకందారుడు ఒక్కోదానికి అలాంటి గీత గీస్తూ కూర్చోడు. ఈరోజుకీ అపురూపం కాని పాత పుస్తకం వందల డాలర్ల దగ్గర కనిపిస్తే, దాని వెనక ఇలాంటి సాఫ్ట్‌వేర్ల పందెం ఉండి ఉండవచ్చని ముందు అనుమానించాలి. సరుకు అయిపోయినప్పుడు లిస్టింగ్ తీసేయకుండా ధరను ఆకాశానికి ఎత్తి ఉంచడం ఇంకో అలవాటు. లిస్టింగ్ తీసేస్తే దాని అమ్మకాల చరిత్ర, వెతుకులాటలో దాని స్థానం పోతాయని భయం. ఎవరూ కొనకుండా ఉండటమే ఆ ధర చేయాల్సిన పని. సరుకు సున్నా అని చూపించే సదుపాయం వచ్చాక దీని అవసరం తగ్గింది గానీ అలవాటు పూర్తిగా పోలేదు.

పిచ్చి ధర అనిపించేదే సరైన ధర అయ్యే చోట్లు కూడా ఉన్నాయి. తయారీ ఎప్పుడో ఆగిపోయిన ఫ్యాక్టరీ యంత్రాల కంట్రోల్ కార్డులు, పాత వైద్య పరికరాల భాగాలు అమ్మేవాళ్లను చూస్తే ఇది తెలుస్తుంది. అలాంటి కార్డును పాతసామాన్ల లాటులో నామమాత్రపు ధరకు కొని వేల డాలర్లకు పెడతారు. ఏళ్లు గడుస్తాయి. ఒక రోజు ఎక్కడో ఒక యంత్రం ఆగిపోతుంది, దానితోపాటు మొత్తం లైన్ ఆగిపోతుంది. గంట గంటకూ నష్టం పెరుగుతున్న మేనేజర్‌కు ఆ కార్డు ధర లెక్కలోది కాదు. రేపు పొద్దున్నకు చేరుతుందా లేదా అన్నదే అతను అడుగుతాడు. అమ్మేవాడు అడిగేది కార్డు ధర ఒక్కటే కాదు, ఈ ఒక్క రోజు కోసం దాన్ని ఏళ్ల తరబడి దాచిపెట్టినందుకూ కలిపి అడుగుతున్నాడు. అతని దగ్గరున్న వందల కార్డుల్లో చాలా వాటికి అలాంటి రోజు ఎప్పటికీ రాదు, వాటి ఖర్చు కూడా ఇక్కడే రాబట్టుకోవాలి. నిలవ ఖర్చు తక్కువ, కొనేవాళ్లు బహు తక్కువ, వచ్చినవాడి అవసరం మాత్రం తీవ్రం. ఈ మూడూ కలిసిన చోట ధర తగ్గించి త్వరగా అమ్మేసేవాడే నష్టపోతాడు. వీడియో క్యాసెట్ అమ్మేవాడు కూడా తనది ఇదే వ్యాపారం అనుకుంటాడు. కానీ ఆ క్యాసెట్ కోసం ఏ ఫ్యాక్టరీ ఆగిపోదు, పక్క లిస్టింగ్‌లో అదే క్యాసెట్ 8 డాలర్లకు ఉంది.

పెద్ద అంకె కనపడగానే నల్లధనం మాట వినిపిస్తుంది. అలాంటివి జరగవని కాదు. 2018లో సైబర్ భద్రతా పాత్రికేయుడు బ్రయన్ క్రెబ్స్ బయటపెట్టిన ఉదంతంలో, ఒక రచయిత పేరు మీద అర్థం పర్థం లేని వాక్యాలతో నింపిన పుస్తకం 555 డాలర్ల ధరతో అమెజాన్‌లో అమ్ముడైంది. ఆయనకు దాదాపు 24 వేల డాలర్ల ఆదాయం వచ్చినట్టు పన్ను పత్రం వచ్చేదాకా ఆ సంగతే ఆయనకు తెలియదు. దొంగిలించిన కార్డులతో కొని, ఆ డబ్బును అమ్మకం సొమ్ముగా బయటికి తీసే పద్ధతిగా దాన్ని అనుమానించారు. అయితే అక్కడ కూడా ధర 555, కోట్లు కాదు. కళ్లు చెదిరే అంకె అందరి దృష్టీ లాగుతుంది, దొంగ సొమ్ముకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. పైగా ప్రతి అమ్మకం మీదా సైట్ కమిషన్ కోసుకుంటుంది. 2020 జూలైలో వేఫెయిర్ అనే ఫర్నిచర్ సైట్‌లో మనుషుల పేర్లతో పదివేల డాలర్లకు పైన ధరలున్న బీరువాలు చూసి, అవి పిల్లల అక్రమ రవాణాకు ముసుగు అన్న వదంతి ప్రపంచమంతా పాకింది. అవి పరిశ్రమల్లో వాడే పెద్ద బీరువాలు, ధర సరైనదేనని సంస్థ చెప్పింది. వదంతికి ఏ ఆధారమూ దొరకలేదు. సామాన్య కొనుగోలుదారుడిని ముంచే మోసాలు ఎక్కువగా నమ్మలేనంత తక్కువ ధరతోనే వస్తాయి.

ధరను నిజంగా వంకర తిప్పే మోసం లిస్టింగ్‌లో కంటే పాటలో జరుగుతుంది. సొంత మనుషులతోనో దొంగ ఖాతాలతోనో పాట పాడించి ధర ఎక్కించడాన్ని షిల్ బిడ్డింగ్ అంటారు. 2000 మే నెలలో ఈబేలో 25 సెంట్ల దగ్గర మొదలైన ఒక నైరూప్య చిత్రం 1,35,805 డాలర్లకు చేరింది. దాని మూల 'ఆర్‌డీ 52' అని ఉండటంతో అది పేరున్న అమెరికన్ చిత్రకారుడు రిచర్డ్ డీబెన్‌కార్న్ వేసిందని కొనేవాళ్లు అనుకున్నారు. అమ్మకందారుడు వేరే పేరుతో తన చిత్రానికి తానే పాట పాడినట్టు తేలడంతో ఈబే అమ్మకాన్ని రద్దు చేసింది, తర్వాత వ్యవహారం కోర్టుకెక్కింది. డిజిటల్ బొమ్మల కాలానికి వచ్చేసరికి ఇది ఇంకా బరితెగించింది. 2021 అక్టోబర్ 28న క్రిప్టోపంక్ 9998 అనే బొమ్మ 53 కోట్ల డాలర్లకు పైగా పలికినట్టు బ్లాక్‌చెయిన్ అనే బహిరంగ డిజిటల్ ఖాతా పుస్తకంలో నమోదైంది. ఆ లావాదేవీ క్షణంలోనే అప్పు తెచ్చి, తన బొమ్మను తానే కొని, ఆ డబ్బుతోనే అప్పు తీర్చేశారు. అమ్మింది, కొన్నది ఒకరే. ఆ వెంటనే యజమాని దాన్ని అంతకంటే ఎక్కువకు అమ్మకానికి పెట్టాడు.

కాబట్టి వస్తువు విలువ తెలుసుకోవాలంటే అమ్మకానికి ఉన్నవాటిని వదిలేసి, అమ్ముడైనవాటిని వడకట్టి చూడాలి. ఈబేలో 'సోల్డ్ ఐటెమ్స్' అన్న ఫిల్టర్ దీనికే. అందులోనూ ఒక్క అమ్మకాన్ని నమ్మకూడదు, పది పన్నెండు చూడాలి. వేర్వేరు అమ్మకందారులవి చూడాలి. ఒకే అంకె చుట్టూ మూగితే అది ధర. ఒక్కటే విడిగా ఎత్తున నిలబడితే దాన్ని పక్కన పెట్టాలి. పోస్టేజీ కలిపి చూడాలి. ఒకప్పుడు కమిషన్ ఎగ్గొట్టడానికి వస్తువు ధర ఒక సెంటు, పంపే ఖర్చు 40 డాలర్లు అని పెట్టేవాళ్లు. 2011లో ఈబే పంపే ఖర్చు మీద కూడా కమిషన్ వసూలు మొదలుపెట్టాక ఆ ఎత్తు చాలా వరకు చెల్లలేదు.

బేరమాడి కొన్నవాటి దగ్గర ఇంకాస్త జాగ్రత్త అవసరం. 400 అడిగిన వస్తువును 150కి ఇచ్చేస్తే, అమ్ముడైనవాటి జాబితాలో 400 కనిపిస్తుంది, దాని మీద అడ్డంగా ఒక గీత ఉంటుంది. అసలు ఎంతకు పోయిందో ఈబే ఆ జాబితాలో చూపించదు. ఆ గీతను గమనించని వాళ్లు 400కు అమ్ముడైందనే రాసుకుంటారు, తమ వస్తువుకు 450 పెడతారు.